మండపానికి పిలవక్కర్లేదు, మరి మోరీకి?

మా బస్తీలో వినాయకుడి మండపం వేసేటప్పుడు చూడాలి, ఎవరూ ఎవర్నీ పిలవరు, ఎలక్ట్రీషియన్ అన్న వైరు చుట్ట భుజానేసుకుని వచ్చేస్తాడు, సెంట్రింగ్ పనికెళ్లేవాళ్లు కర్రలు తెస్తారు, ప్రసాదానికి రవ్వ ఎంత పడుతుందో వెనక సందు అత్తమ్మకి నోటి లెక్క. అదే మోరీ పొంగితే మాత్రం ఫొటో కొట్టి కంప్లైంట్ పెట్టి కూర్చుంటాం. (పెట్టడం తప్పని కాదు, ట్యాక్సు కడుతున్నాం కదా.)

ఆ మండపం ఊపుని మిగతా పనుల్లోకి తేవాలని మన హైదరాబాద్‌లోనే 1967లో ఒక ప్రయత్నం జరిగింది, పేరు అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్, అందరూ యూసీడీ అనేవాళ్లు. అంతకుముందు 1958లో ఢిల్లీలో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఇలాంటిది మొదలైంది, 1966లో కేంద్రం కొన్ని సిటీల్లో ట్రై చేద్దామంది, అలా మనకీ వచ్చింది. బడ్జెట్ చాలా తక్కువ. నన్నడిగితే అదే కలిసొచ్చింది, ఎందుకంటే డబ్బుల్లేవు కాబట్టి ఆర్గనైజర్లు ఇల్లిల్లూ తిరిగి మీకేం కావాలి అనడంతో ఆపకుండా మీరేం చేయగలరు, ఎంత వేసుకోగలరు అని కూడా అడగాల్సొచ్చింది. బాల్వాడీలు, కుట్టు క్లాసులు, యూత్ సంఘాలు అలా పుట్టినవే.

తర్వాత 70ల్లో యూనిసెఫ్, 80ల్లో బ్రిటన్ నిధులొచ్చాయి. రోడ్లు, మోరీలు, లైట్లు పడ్డాయి, అవి లేకపోతే బతుకు కష్టం, కాదనను. కానీ పెద్ద డబ్బుతో పాటు కాంట్రాక్టరూ వస్తాడు, అక్కడి నుంచి బస్తీవాళ్లది పని చేసే పాత్ర తగ్గి తీసుకునే పాత్ర పెరిగిందని నాకనిపిస్తుంది.

1997 డిసెంబర్‌లో సిటీల్లో పేదల ఉపాధి కోసం కేంద్రం పథకం, స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన వచ్చి మళ్లీ సందు నుంచే మొదలెట్టింది, సందు ఆడవాళ్లతో గ్రూపు, వాటి పైన బస్తీ కమిటీ, ఆ పైన టౌన్ సొసైటీ. మన దగ్గర 2007లో మెప్మా (పట్టణాల్లో పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థ) పెట్టాక ఆ లైన్లోనే పొదుపు సంఘాలు, సమాఖ్యలు గట్టిపడ్డాయి.

మొన్నొక గ్రూపు మీటింగ్‌లో కూర్చున్నా, చాప మీద పది మంది, మధ్యలో పాస్‌బుక్కులు, తీర్మానాల పుస్తకం. పుస్తకంలో ఉన్నదంతా పొదుపు, లోను, కిస్తీ. ఎవరికి మగ్గం వర్క్ వచ్చు, ఎవరింటాయన ప్లంబర్, ఏ పిల్ల నర్సింగ్ చదివింది అంటే మాత్రం ఆర్పీ అక్క (సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్) పుస్తకం వంక కూడా చూడకుండా గడగడా చెప్పేసింది.