ఓపెన్‌కాస్ట్ గనులు, మన బోర్లు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఉంటూ భూగర్భజలాల మీద పనిచేస్తున్నాను. బొగ్గు గనులున్న గోదావరిఖని, మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్లు ఊళ్లో బోరు ఎండిందంటే నాకు ఫోన్ చేస్తారు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు నైవేలి లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గనుల గురించి అడుగుతారు. రెండు చోట్లా వినిపించే మాటలు దాదాపు ఒకటే.

అపోహ: గనిలో తోడేది వాననీరే.

వాస్తవం: వానాకాలంలో అందులో వాననీరూ ఉంటుంది. కానీ ఓపెన్‌కాస్ట్ అంటే నేలను పైనుంచి పెద్ద గొయ్యిలా తవ్వే గని. బొగ్గు అందాలంటే ఆ గొయ్యి భూగర్భజల మట్టం కంటే కిందికి దిగాలి. దిగాక చుట్టూ ఉన్న ఇసుకరాయి పొరల్లోంచి ఏడాది పొడవునా ఊట వస్తూనే ఉంటుంది. తోడేకొద్దీ గొయ్యి చుట్టూ మట్టం పడిపోతుంది. అంతకుముందు వాగు వైపు సాగిన భూగర్భజలం గని వైపు మళ్లుతుంది. తోడిన నీళ్లను అదే వాగులోకి వదిలితే దిగువన అది నిండుగా పారుతుంది. అది చూసి నీళ్లకేం లోటు లేదనుకుంటాం. గనికి ఎగువన అదే వాగు ఎండిపోయి ఉండొచ్చు, వెళ్లి చూడాలి.

అపోహ: గని కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది, మా బోరుకేం కాదు.

వాస్తవం: అది మీ బోరు ఏ పొరలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. చెన్నైకి దక్షిణాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న నైవేలినే తీసుకోండి. అక్కడ లిగ్నైట్ కింద కడలూరు ఇసుకరాయిలో నీళ్లు ఒత్తిడితో బిగిసి ఉన్నాయి. ఆ ప్రాంతంలో ఒకప్పుడు మోటారు లేకుండానే నీళ్లు పైకి వచ్చిన బావులుండేవి. లిగ్నైట్ మీద పైకి తన్నే ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 6 నుంచి 8 కిలోలు. దాన్ని తగ్గించకుండా తవ్వితే గని అడుగు పగిలి నీళ్లు ఎగదన్నుతాయి. అందుకే 1961 నుంచి బోర్లతో రాత్రింబవళ్లు తోడుతున్నారు. అది తప్పనిసరి.

ఇలాంటి పొరకు సైకిల్ ట్యూబు లక్షణం ఉంది: గాలి ఎక్కడ తీసినా ఒత్తిడి అంతటా తగ్గుతుంది. పొర నీళ్లతో నిండే ఉంటుంది, బోరులో మట్టం మాత్రం దిగిపోతుంది. రైతు మోటారును ఇంకా కిందికి దించాలి, లేదా కొత్త బోరు వేయాలి. గని లెక్కల్లోకి రాని ఈ ఖర్చే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

తాంబరం, పల్లావరం కింద ఉన్నలాంటి గట్టి రాతిలో కథ వేరు. అక్కడ ప్రభావం పగుళ్ల వెంటే పోతుంది. ఒక బోరు ఎండినా పక్కింటిది బాగానే ఉండొచ్చు.

అపోహ: ఆ నీళ్లు చెన్నైకి తెస్తే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: కరువు వచ్చిన ఏళ్లలో నైవేలి ప్రాంతపు నీళ్లు మన కుళాయిల దాకా వచ్చాయి. గని కోసం ఎలాగూ తోడే నీళ్లను వాడుకోవడం మంచి పనే. నగరం కోసం అదే పొరలో అదనంగా బోర్లు వేసి తోడటం మాత్రం అక్కడి పల్లెల మీద రెండో భారం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

అపోహ: గొయ్యి పూడిస్తే అంతా మామూలవుతుంది.

వాస్తవం: ఇసుకరాయి, బంకమట్టి పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు నీళ్లు పొరల వారీగా నడుస్తాయి. తిరిగి పోసిన మట్టిలో ఆ వరస ఉండదు. ఒకచోట సులువుగా ఇంకుతుంది, ఇంకోచోట అసలు ఇంకదు. మట్టం కోలుకోవడానికి దశాబ్దాలు పట్టొచ్చు. పూడ్చకుండా వదిలిన గొయ్యి చెరువులా కనిపిస్తుంది, కానీ ఎండకు ఏటా అందులోంచి భూగర్భజలమే ఆవిరైపోతుంది.

అపోహ: బొగ్గు గని నీళ్లంటే ఆమ్లమే.

వాస్తవం: గంధకం ఎక్కువగా ఉన్న ఈశాన్య బొగ్గుతో మేఘాలయలో వాగులు అలా పాడయ్యాయి. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. అయినా తాగే ముందు కాఠిన్యం, సల్ఫేట్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) టెస్టు చేయించండి.

అపోహ: ఊళ్లో బోరు ఎండితే గనే కారణం.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. వాన తగ్గినా, చుట్టుపక్కల బోర్లు పెరిగినా మట్టం పడుతుంది. కేంద్ర భూగర్భజల మండలి పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు మట్టం కొలుస్తుంది. గనికి దూరంగా, అదే రాతిలో, అంతే వాన పడిన చోట మట్టం నిలకడగా ఉండి మీ ఊళ్లో మాత్రమే పడుతుంటే గనిని అనుమానించడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. గని మీద జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లినప్పుడు తవ్వకానికి ముందు కొలిచిన మట్టాలు అడగండి. ఒక్కో పొరకు విడిగా పీజోమీటర్లు (నీటి మట్టం కొలిచే సన్నని బోర్లు) పెట్టారా అనీ అడగండి. మీ బోరు లోతు, కేసింగ్ ఎంతవరకు దించారో రాసి ఉన్న కాగితం దగ్గర ఉంచుకోండి.