ఈ-రీడర్ కొంటే పుస్తకాల ఖర్చు తగ్గుతుందా? మా కొట్టులో వినిపించే అపోహలు

విజయనగరం గంటస్తంభం దగ్గర పుస్తకాల కొట్టు నడుపుతున్నాను. వెనక అట్ట మీద ధర చూసి, "ఈ-రీడర్ కొనేస్తే ఈ ఖర్చంతా మిగిలిపోదా అండీ?" అని అడిగేవాళ్లు ఈమధ్య పెరిగారు. అమ్మేది అచ్చు పుస్తకాలే గానీ, నా సంచిలోనూ ఒక ఈ-రీడర్ (ఈ-బుక్‌లు చదువుకునే చిన్న తెర మెషీన్) ఉంది.

అపోహ: మెషీన్ ఒకసారి కొంటే ఇక మిగులే.
వాస్తవం: మెషీన్‌కి 12 వేలు పెట్టారనుకుందాం. పుస్తకానికి వంద చొప్పున మిగిలినా 120 పుస్తకాలు చదివితే గానీ ఆ డబ్బు తిరిగి రాదు. నెలకు రెండు చదివేవాళ్లకు ఐదేళ్లు! పైగా అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈ-బుక్‌కి ఉంది. నెలకు ఐదారు ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకైతే రెండేళ్లలో గిట్టుబాటవుతుంది. వాళ్లను కొనుక్కోమనే చెబుతాను.

అపోహ: తెలుగు పుస్తకాలూ అన్నీ అందులో దొరుకుతాయి.
వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. 2016 డిసెంబరులో అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్ హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ పుస్తకాలు మొదలుపెట్టింది. ఆ ఐదింట్లో తెలుగు లేదు. అది నాకు ఇప్పటికీ బాధే. కొనాలనుకున్న పుస్తకం అక్కడ లేనప్పుడు ధర తక్కువైతే ఏం లాభం?

అపోహ: పాతవి ఉచితం కదా, అవి చాలు.
వాస్తవం: ఉచితమన్న మాట నిజమే. రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. 1915లో కన్నుమూసిన మన గురజాడ రచనలు ఎవరైనా దించుకోవచ్చు. కానీ దొరికేవి చాలావరకు పాత పేజీల ఫొటోలే. డిగ్రీ చదివే ఒకమ్మాయి మొన్న అలాంటి పీడీఎఫ్‌ని ఆరంగుళాల ఈ-రీడర్‌లో తెచ్చి చూపించింది. ఒత్తులన్నీ నల్లటి చుక్కలైపోయాయి. పెద్దది చేస్తే సగం వాక్యం తెర బయటకు పోతోంది. పక్కకు జరిపిన ప్రతిసారీ తెర ఒకసారి నల్లబడి, మళ్లీ తెల్లబడుతోంది. పావుగంటలో రెండు పేజీలు కూడా కాలేదు. ఇలాంటివి చదవాలంటే పది అంగుళాల టాబ్లెట్ నయం.

డీఎస్సీ, గ్రూప్-2 పుస్తకాల కోసం ఈ-రీడర్ కొనొద్దు. మ్యాపులు, పట్టికలు చిన్న తెరలో తేలవు, అంచుల్లో పెన్నుతో రాసుకోలేరు.

అపోహ: అచ్చు పుస్తకం కొన్నాక ఇక ఖర్చుండదు.
వాస్తవం: 2014 హుద్‌హుద్ తుఫానుకి మా కొట్టులో కింది అరలన్నీ తడిసి ముద్దయ్యాయి. చెదలు, చెమ్మ, బీరువా, ఇల్లు మారినప్పుడు మోత కూలి, ఇవన్నీ ఖర్చులే. ఈ-రీడర్‌కి ఆ బెడద లేదు, ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. అయితే ఈ-బుక్‌ని చదివేశాక చెల్లెలికి ఇవ్వలేం, సగం ధరకు అమ్ముకోలేం.

ఖర్చు తగ్గడమే ముఖ్యమైతే ముందు జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఎలాగూ కడుతున్నాం. ఆ అమ్మాయికీ అదే చెప్పి పంపాను.