క్యూబ్ సాల్వింగ్‌లో టైమ్ అంతా ఎటు పోతోంది?

రూబిక్స్ క్యూబ్ సాల్వ్ చేయడం వచ్చేసింది, చూడకుండానే అన్ని స్టెప్పులూ గుర్తొచ్చేస్తున్నాయి, కానీ టైమర్ పెట్టుకుంటే రెండు నిమిషాలు, మహా అయితే నిమిషం నలభై, అక్కడి నుంచి కిందకి దిగట్లేదు. ఈ స్టేజ్‌లో దాదాపు అందరూ చేసేవి రెండే పనులు, ఒకటి ఇంకాస్త మంచి క్యూబ్ కొనడం, రెండోది చేతులు ఇంకా గబగబా తిప్పడం. రెండిటి వల్లా కొంచెం లాభం ఉంది, కాదనను, కానీ టైమ్ పోతున్న చోటు వేరే ఉంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మొదట తెల్ల ప్లస్, తర్వాత తెల్ల కార్నర్లు, తర్వాత మధ్య లేయర్, ఆఖరికి పసుపు లేయర్, ఇలా లేయర్ బై లేయర్ పద్ధతిలో చేసేవాళ్ళకి ఒక సాల్వ్‌కి వంద పైన మూవ్స్ (ఒక పక్కని ఒకసారి తిప్పితే ఒక మూవ్) పడతాయి, 120 అనుకుందాం. బాగా వచ్చిన అల్గారిదమ్ (వరసగా గుర్తుపెట్టుకుని చేసే మూవ్స్) ఏదైనా తీసుకుని తిప్పి చూడండి, బిగినర్ చేతులు కూడా సెకనుకి మూడు మూవ్స్ తేలిగ్గా తిప్పేస్తాయి. అంటే 120 మూవ్స్‌కి కావాల్సింది 40 సెకన్లు. మరి టైమర్ 120 సెకన్లు చూపిస్తోంది కదా, ఆ మిగతా 80 సెకన్లు క్యూబ్ మన చేతుల్లో ఊరికే ఉంది, లేదా ఆ పీస్ ఎక్కడుందా అని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాం. నమ్మకం లేకపోతే ఫోన్‌తో ఒక సాల్వ్ వీడియో తీసుకుని చూడండి, తిప్పే టైమ్ కంటే తడుముకునే టైమే ఎక్కువ కనిపిస్తుంది, చూడ్డానికి కాస్త చిరాగ్గా కూడా ఉంటుంది.

కాబట్టి స్పీడ్ పెంచడం అంటే మొదట ఇలా మధ్యమధ్యలో ఆగిపోవడం తగ్గించడం. ఎందుకు ఆగుతాం, అది ఎలా తగ్గుతుంది అన్నది సగం లెక్కల సంగతి, సగం మెదడు సంగతి.

ముందు లెక్కలు. ఎర్నో రూబిక్ 1974లో బుడాపెస్ట్‌లో ఈ క్యూబ్ తయారుచేసినప్పుడు, తను కలిపేసిన దాన్ని తనే మళ్ళీ సరిచేయడానికి నెల దాకా పట్టిందంటారు. పట్టదా మరి, దీనికి ఉన్న అమరికలు సుమారు 4,32,520 కోట్ల కోట్లు. అయినా ఇందులో ఏ అమరికనైనా 20 మూవ్స్‌లోపు సాల్వ్ చేయొచ్చని 2010లో టోమస్ రోకికి, హెర్బర్ట్ కోసీంబా, మోర్లీ డేవిడ్‌సన్, జాన్ డెత్‌రిజ్ కలిసి నిరూపించారు, దానికి గూగుల్ వాళ్ళ కంప్యూటర్లు వాడారు, ఒకే కంప్యూటర్ మీద వేసుంటే ఆ పని 35 ఏళ్ళు పట్టేది. కానీ ఆ 20 మూవ్స్ దారి మనిషి కంటికి కనపడదు, ప్రపంచ రికార్డ్ కొట్టేవాళ్ళకీ కనపడదు. మనుషులు చేసేది వేరే, అంత పెద్ద లెక్కని చిన్న చిన్న ముక్కలు చేసుకుంటారు. మొదటి ప్లస్ సంగతే చూడండి, కేవలం నాలుగు తెల్ల ఎడ్జ్‌ల (రెండు రంగులుండే అంచు ముక్కల) గురించే ఆలోచిస్తే అవి ఉండగలిగే తీరులు 1,90,080 మాత్రమే, వాటిలో ఎంత దరిద్రమైనది వచ్చినా 8 మూవ్స్ చాలు, చాలాసార్లు ఆరుకే అయిపోతుంది.

ఆ ఎనిమిది మూవ్స్ పని బిగినర్లకి పదిహేను ఇరవై సెకన్లు ఎందుకు పడుతోంది? ఒక కారణం, చాలామంది ముందు పసుపు సెంటర్ చుట్టూ తెల్ల ఎడ్జ్‌లతో పువ్వు చేసి, తర్వాత ఒక్కొక్కటీ కిందకి దింపుతారు, అంటే ఒకే పనిని రెండుసార్లు చేస్తున్నారు. నేర్చుకునేటప్పుడు అది మంచి పద్ధతే, కానీ స్పీడ్ కావాలనుకున్న రోజే దాన్ని వదిలేయాలి. రెండోది, కలర్ల వరస నోటికి రాకపోవడం. సెంటర్లు కదలవు, తెలుపుకి ఎదురు పసుపు, నీలానికి ఎదురు ఆకుపచ్చ, ఎరుపుకి ఎదురు ఆరెంజ్, మామూలు స్పీడ్ క్యూబ్‌లన్నిటికీ ఇదే. తెలుపు కింద పెట్టి ఆకుపచ్చ మన వైపు పెడితే కుడి చేతి వైపు ఆరెంజ్ ఉంటుంది, ఈ వరస తెలిస్తే ప్రతి ఎడ్జ్‌నీ దాని సెంటర్‌తో కలిపి చూసుకోవాల్సిన పనిలేదు, ఒకదాని పక్కన ఒకటి సరైన వరసలో పెట్టుకుంటూ పోయి చివర్లో కింది లేయర్ ఒక్కసారి తిప్పితే అన్నీ ఒకేసారి సెట్ అయిపోతాయి. మూడోది, తెలుపుని పైన పెట్టి చేయడం, అలా చేస్తే ప్లస్ అయ్యాక క్యూబ్ మొత్తం తలకిందులు చేయాలి, అప్పటిదాకా కంటికి దొరికిన పీసులన్నీ మళ్ళీ కొత్త చోట్లకి పోతాయి. మొదటి నుంచీ కిందే చేయండి, ఒక వారం నరకంలా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇంకొకటి, పోటీల్లో స్టార్ట్ చేసేముందు క్యూబ్‌ని చూసుకోవడానికి 15 సెకన్లు ఇస్తారు, ఆ టైమ్ లెక్కలోకి రాదు. ఉచితంగా వచ్చే ఈ 15 సెకన్లని బిగినర్లు ఊరికే పోగొడతారు. మొదట్లో రెండు ఎడ్జ్‌లు ఎలా వెళ్తాయో మాత్రం ప్లాన్ చేసుకోండి చాలు, అవి కుదిరాక మూడు, తర్వాత నాలుగు. ప్లాన్ అయిపోయాక కళ్ళు మూసుకుని ఆ మూవ్స్ చేసి తెరిచి చూస్తే ఎక్కడ తేడా కొట్టిందో తెలిసిపోతుంది, దీనంత మంచి ప్రాక్టీస్ ప్లస్‌కి ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు టైమ్ తినేసే చోటుకి వద్దాం. ప్లస్ తర్వాత బిగినర్ పద్ధతిలో ముందు నాలుగు కార్నర్లు పెడతాం, తర్వాత నాలుగు మధ్య ఎడ్జ్‌లు, అంటే ఎనిమిదిసార్లు వెతుకుతాం, ఎనిమిదిసార్లు ఆగుతాం. అదే కార్నర్‌నీ దాని పక్క ఎడ్జ్‌నీ పైన జత చేసి ఒకేసారి లోపలికి దింపితే దింపేది నాలుగుసార్లే అవుతుంది. దీన్నే ఎఫ్‌టూఎల్ అంటారు, మొదటి రెండు లేయర్లు ఒకేసారి అన్నమాట. స్పీడ్ క్యూబర్ జెస్సికా ఫ్రిడ్రిచ్ 1990ల్లో వెబ్‌లో పెట్టిన పద్ధతితో ఇది బాగా పాకింది, ఇప్పుడు సీఎఫ్ఓపీ (ప్లస్, ఎఫ్‌టూఎల్, ఆఖరి లేయర్‌కి ఓఎల్ఎల్, పీఎల్ఎల్) అంటే అదే, టాప్ స్పీడ్ క్యూబర్లలో ఎక్కువమంది వాడేది అదే. మూవ్స్ కూడా మొత్తం మీద అరవై దగ్గరకి దిగిపోతాయి. జతలకి 41 కేసులు (కార్నర్, ఎడ్జ్ ఉండగలిగే తీరులు) ఉన్నాయని లిస్టులు దొరుకుతాయి, అవి బట్టీ పట్టొద్దు, కార్నర్‌ని పైకి తీసి ఎడ్జ్ పక్కకి ఎలా తేవాలో మెల్లగా తిప్పి చూస్తూ అర్థం చేసుకుంటే చాలా కేసులు వాటంతట అవే తెలిసిపోతాయి, అర్థం కాకుండా బట్టీ పట్టినవి స్ట్రెస్‌లో మొదట మర్చిపోయేవి కూడా.

ఎఫ్‌టూఎల్ మొదలుపెట్టిన కొత్తలో టైమ్ పెరుగుతుంది, ఇది అందరికీ జరిగేదే, ఇక్కడే చాలామంది పాత పద్ధతికి వెళ్ళిపోతారు. ఇలా ఎందుకు జరుగుతుందో ఫిట్స్, పోస్నర్ అనే సైకాలజిస్టులు 1967లో చెప్పిన దాంట్లో ఉంది, చేతి పని ఏదైనా మూడు దశల్లో వస్తుందని వాళ్ళ మాట. మొదట ప్రతి అడుగూ ఆలోచించి చేస్తాం, తర్వాత అడుగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆఖరికి ఆలోచన లేకుండా చేతులే చేసేస్తాయి. పాత పద్ధతి మీ చేతుల్లో మూడో దశలో ఉంది, కొత్తది మొదటి దశలో ఉంది, ఆ రెండిటికీ పోటీ పెట్టి కొత్తది స్లో అంటే ఎలా?

ఇంకో సంగతి గమనించే ఉంటారు, బాగా వచ్చిన అల్గారిదమ్‌ని మధ్యలో ఎవరైనా పిలిచి ఆపితే ఎక్కడున్నామో గుర్తురాదు, మొదటి నుంచి చేస్తే తప్ప రాదు. నోటితో చెప్పమంటే చెప్పలేం, చేతికి క్యూబ్ ఇస్తే చేసేస్తాం. ఎందుకంటే ఆ జ్ఞాపకం పేర్లూ తేదీలూ గుర్తుంచుకునే చోట లేదు, అలవాటు పనులు నడిపించే మెదడు లోపలి భాగాలు, అంటే బేసల్ గాంగ్లియా, సెరెబెల్లం లాంటివి, వాటి చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఆర్, యూ, ఆర్ ప్రైమ్, యూ ప్రైమ్ అనే నాలుగు మూవ్స్ ఉన్నాయి కదా (కుడి పక్క, పై లేయర్, మళ్ళీ ఆ రెండూ వెనక్కి; సాల్వ్ అయిన క్యూబ్ మీద వరసగా ఆరుసార్లు చేస్తే మళ్ళీ సాల్వ్ అయిన క్యూబే వస్తుంది, సరదాగా చేసి చూడండి), కొత్తవాళ్ళకి అవి నాలుగు పనులు, అలవాటైనవాళ్ళకి ఒక్కటే పని. సైకాలజీలో దీన్ని చంకింగ్ అంటారు. 1973లో ఛేజ్, సైమన్ అనే పరిశోధకులు చెస్ ఆటగాళ్ళ మీద చేసిన స్టడీ దీనికి బాగా సరిపోతుంది. నిజమైన గేమ్‌లోని పొజిషన్ని ఐదు సెకన్లు చూపిస్తే మాస్టర్ కొత్తవాడి కంటే చాలా ఎక్కువ కాయిన్లు మళ్ళీ సరిగ్గా పేర్చేశాడు, అవే కాయిన్లు ఎలా పడితే అలా పెట్టి చూపిస్తే మాత్రం కొత్తవాడికి మాస్టర్‌కి పెద్ద తేడా లేకుండా పోయింది. అంటే ఎక్కువ ఉన్నది జ్ఞాపకశక్తి కాదు, తెలిసిన ఆకారాలు. క్యూబ్‌లోనూ ఇంతే, ఫాస్ట్‌గా చేసేవాళ్ళకి 54 కలర్ గళ్ళు కనపడవు, ఆ ఎఫ్‌టూఎల్ కేసు, ఈ ఆఖరి లేయర్ పీఎల్ఎల్ కేసు అని కనపడతాయి.

చేతులు వాటంతట అవి పని చేస్తుంటే కళ్ళు ఖాళీ అవుతాయి, ఆ ఖాళీని వాడుకోవడమే లుక్ అహెడ్. పైకి చదివేటప్పుడు నోరు ఒక మాట దగ్గర ఉంటే కళ్ళు అప్పటికే రెండు మూడు మాటలు ముందుకి పోయి ఉంటాయి కదా, అందుకే ఆగకుండా చదవగలం. అలాగే ఒక జతని లోపలికి దింపుతున్నప్పుడు దాన్నే చూస్తూ ఉండకూడదు, అది ఎలాగూ వెళ్ళిపోతుంది, కళ్ళు తర్వాతి జత కోసం వెతుకుతూ ఉండాలి. చెప్పడం సులువే, కానీ ఫుల్ స్పీడ్‌లో తిప్పుతుంటే కంటికి ఏదీ ఆనదు. అందుకే స్పీడ్ క్యూబింగ్‌లో అందరూ ఇచ్చే సలహా, వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, మెల్లగా తిప్పండి అని. లెక్క చూడండి, అరవై మూవ్స్ సెకనుకి ఆరు చొప్పున తిప్పితే పది సెకన్లు, కానీ మధ్యలో ఆగి వెతికింది పాతిక సెకన్లు, మొత్తం 35. అదే సెకనుకి రెండు చొప్పున, తాపీగా, ఒక్కసారి కూడా ఆగకుండా తిప్పితే 30. ఫోన్‌లో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్ మనేది) యాప్ పెట్టుకుని ఒక్కో టిక్కుకి ఒక్కో మూవ్ అని చేయండి, ఆగకుండా రాగలిగినంత స్లోగా పెట్టి, అది కుదిరాక కొంచెం కొంచెం పెంచండి. బోర్ కొడుతుంది, నిజమే, కానీ పనిచేస్తుంది.

చేతుల గురించి కూడా ఒక ముక్క. మణికట్టుతో మొత్తం తిప్పే బదులు పై లేయర్‌ని చూపుడు వేలితో తోయడం, క్యూబ్‌ని మాటిమాటికీ పట్టు మార్చకుండా ఉండడం, ఈ రెండూ మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి, తర్వాత మార్చుకోవడం కష్టం. మ్యాగ్నెట్లు ఉన్న క్యూబ్ అయితే లేయర్లు వాటంతట అవే సరిగ్గా కూర్చుంటాయి, అంతకు మించి ఖర్చు పెట్టాల్సిన అవసరం బిగినర్‌కి లేదు. 1982లో బుడాపెస్ట్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో మిన్ థాయ్ 22.95 సెకన్లతో గెలిచాడు, బిరుసుగా తిరిగే ఆ కాలం క్యూబ్‌తో. 2023లో మాక్స్ పార్క్ 3.13 సెకన్లలో చేశాడు, ఆ మధ్యలో క్యూబ్‌లు మారాయి, పద్ధతులు అంతకంటే ఎక్కువ మారాయి.

ఆఖరి లేయర్ దగ్గర మాత్రం నిజంగానే అల్గారిదమ్స్ నేర్చుకోవాలి. పసుపు మొత్తం పైకి తెచ్చే ఓఎల్ఎల్‌లు 57, తర్వాత పీసులని వాటి చోట్లకి పంపే పీఎల్ఎల్‌లు 21, మొత్తం 78 చూసి భయపడిపోతారు. ఒక్కోదాన్ని రెండు అంచెలుగా చేసుకుంటే 10 ప్లస్ 6, అంటే పదహారుతో సరిపోతుంది, అందులో కొన్ని ఇప్పటికే వచ్చి ఉంటాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది, పసుపు ఎడ్జ్‌లు ఎప్పుడూ చుక్కలానో, ఎల్ ఆకారంలోనో, గీతలానో, ప్లస్‌లానో మాత్రమే వస్తాయి, ఒకే ఒక్క ఎడ్జ్ తిరగబడి ఉండడం జరగదు, ఎందుకంటే క్యూబ్‌ని ఎలా తిప్పినా ఎడ్జ్‌లు తిరగబడేది సరిసంఖ్యలోనే. ఒక్కటే తిరగబడి కనిపిస్తే ఎవరో క్యూబ్‌ని ఊడదీసి తప్పుగా బిగించారన్నమాట, గుడ్డిగా బిగిస్తే సాల్వ్ అయ్యే ఛాన్స్ పన్నెండింట్లో ఒకటే. ఆ నాలుగు ఆకారాల్లో ఎల్ సగం సార్లు వస్తుంది, గీత నాలుగింట్లో ఒకసారి, చుక్క, ప్లస్ ఎనిమిదింట్లో ఒకసారి చొప్పున, కాబట్టి దేని ప్రాక్టీస్ మీద ఎక్కువ కూర్చోవాలో మీకే తెలుస్తుంది.

ఈ అదృష్టం లెక్క టైమ్‌ల మీద కూడా పడుతుంది. ఓఎల్ఎల్ అసలు చేయకుండానే అయిపోయి ఉండే ఛాన్స్ 216లో ఒకటి, పీఎల్ఎల్ అయితే 72లో ఒకటి, అలాంటిది పడిన రోజు వచ్చిన పర్సనల్ బెస్ట్‌ని చూసి మన లెవెల్ అదే అనుకుంటే మర్నాడు నీరసం వస్తుంది. పోటీల్లో ఐదు సాల్వ్‌లు చేయించి బెస్ట్, వరస్ట్ తీసేసి మధ్యలో మూడిటి సగటు తీసుకునేది ఇందుకే. ఇంట్లో కూడా పన్నెండింటి సగటు చూసుకోండి. ఆ సగటు మొదట్లో జారుడుబండ మీద జారినట్టు దిగుతుంది, రెండు నిమిషాల నుంచి నిమిషానికి వచ్చిన స్పీడ్‌లోనే నిమిషం నుంచి ముప్పైకి వస్తామనుకుంటాం, కానీ రాలేం. ప్రాక్టీస్ పెరిగే కొద్దీ లాభం చిక్కిపోతూ పోవడం ఏ నైపుణ్యంలోనైనా కనిపించేదే, న్యూవెల్, రోజెన్‌బ్లూమ్ అనే పరిశోధకులు 1981లో రకరకాల పనుల లెక్కలు తీసి ఇదే చూపించారు. సగటు ముప్పై దగ్గర ఆగిపోతే మళ్ళీ వీడియో తీసి ఎక్కడ ఆగుతున్నారో చూడండి, ఎక్కువమందికి అది ఎఫ్‌టూఎల్ మూడో, నాలుగో జత దగ్గర ఉంటుంది. అక్కడ ఆగడం తగ్గాక 21 పీఎల్ఎల్‌లు పూర్తి చేయండి, 57 ఓఎల్ఎల్‌లు ఆ తర్వాత, తొందరేం లేదు.