చెంగ్డూ తిండి: కారం ఒక దారి, తిమ్మిరి ఇంకో దారి

చెంగ్డూ వెళ్తే మొదటి పూటే హాట్‌పాట్‌కి, అంటే బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు వేసి ఉడికించుకుని తినే భోజనానికి, పరిగెత్తకండి. చైనాలోని సిచువాన్ రాష్ట్రానికి రాజధాని, 2010లో యునెస్కో ఆసియాలోనే మొట్టమొదట తిండికి గుర్తింపు ఇచ్చిన నగరం, అక్కడిదాకా పోయి హాట్‌పాట్ తినకుండా ఎలా అంటారా, తిందురుగాని, ఆఖరి రోజుకి ఉంచుకోండి. ఆ ఊరి వంటల్లో రెండు వేర్వేరు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. ఒకటి కారం, రెండోది తిమ్మిరి, రెండూ కలిపి అక్కడివాళ్ళు ‘మాలా’ అంటారు. కారం గురించి మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తిమ్మిరి దగ్గరికి వచ్చేసరికే మన ధీమా కాస్తా జారిపోతుంది.

ముందు కారం సంగతి. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తడుతుంది. నిజానికి ఆ గ్రాహకం ఉన్నది వేడిని పసిగట్టడానికి, సుమారు 43 డిగ్రీలు దాటితే అది మేల్కొని ‘కాలుతోంది’ అని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే కబురు వెళ్తుంది, అందుకే చల్లారిన పచ్చడి తిన్నా నోరు మండి నుదుటన చెమట పడుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. రోజూ కారం తినేవాళ్ళలో ఈ నరాలు కొంత మొద్దుబారతాయి, గుంటూరు గొడ్డుకారం తిన్నవాళ్ళం అని మనం చెప్పుకునే గొప్ప వెనక ఉన్నది ఇదే. ఆ అలవాటు తిమ్మిరి విషయంలో పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే అది వచ్చే దారే వేరు.

తిమ్మిరి తెప్పించేది హ్వాజ్యావ్, మనం సిచువాన్ మిరియం అంటాం గానీ అది మిరియమూ కాదు, మిరపా కాదు. నిమ్మ, బత్తాయి, కరివేపాకు ఉండే కుటుంబానికి చెందిన ముళ్ళ చెట్టు కాయ. లోపలి నల్ల గింజ ఇసకలా పంటికి తగులుతుంది కాబట్టి పారేసి, పైతొక్క మాత్రమే వాడతారు. ఇదే జాతికి చెందిన రచ్చమాను మన తూర్పు కనుమల్లోనూ ఉంది, కొంకణ తీరంలో దాని కాయల్ని తిర్ఫల్ అని చేపల కూరలో వేస్తారు. హ్వాజ్యావ్ తొక్కలో సాన్‌షూల్ అనే పదార్థం ఉంటుంది. నరాల్లో కొన్ని పొటాషియం చానళ్ళు, అంటే పొటాషియం అయాన్లు బయటికి పోయే సన్నటి దారులు, ఎప్పుడూ కొద్దిగా తెరుచుకుని ఉండి ఆ నరాన్ని నిమ్మళంగా ఉంచుతాయి, సాన్‌షూల్ వాటిని మూసేస్తుందని, అప్పుడు ఆ నరం ఊరికే మోగడం మొదలుపెడుతుందని 2008లో జూలియస్ బృందమే చూపించింది. అంతకన్నా సరదా అయిన ప్రయోగం 2013లో లండన్‌లో జరిగింది. కొందరి పెదవులకి ఈ మిరియం రాసి, పెదవి మీద జిలజిల ఎంత వేగంగా ఉందో వేలికి పెట్టిన కంపన పరికరంతో పోల్చి చెప్పమన్నారు. వాళ్ళు చెప్పింది సెకనుకి సుమారు 50 కంపనాలు. అంటే స్పర్శని, కంపనాన్ని పట్టుకునే నరాలు అక్కడ ఏమీ కదలకుండానే కదులుతున్నట్టు చెబుతున్నాయన్నమాట. మన ఇళ్ళలో కరెంటు కూడా 50 హెర్ట్జే, వట్టి కాకతాళీయం, అయినా మొదటిసారి తిన్నవాళ్ళు ‘షాక్ కొట్టింది’ అనడం విన్నప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తొస్తుంది.

నిమ్మ కుటుంబం కావడం దీనికి ఒకసారి తంటా కూడా తెచ్చింది. నిమ్మజాతి చెట్లకి వచ్చే క్యాంకర్ తెగులు దీనితోపాటు వస్తుందన్న భయంతో అమెరికా 1968 నుంచి 2005 దాకా దీని దిగుమతిని నిషేధించింది.

ఇక ఈ రెండింటిలో ఏది ముందు వచ్చిందో చూడండి. హ్వాజ్యావ్ చైనాలో రెండు వేల ఏళ్ళ పైనుంచి ఉంది, హాన్ వంశపు రాజులు రాణుల గదుల గోడలకి దీన్ని కలిపిన పూత వేయించేవాళ్ళు. మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చి చైనా రాతల్లో కనబడింది 1591లో, సిచువాన్ రాతల్లోకి ఎక్కింది 18వ శతాబ్దంలో. తిమ్మిరే ఆ నేలది, కారం మనకి వచ్చినట్టే వాళ్ళకీ ఓడల మీద వచ్చింది. ఇప్పుడైతే గుంటూరు, ఖమ్మం మార్కెట్ల నుంచి తేజ రకం మిర్చి పెద్ద ఎత్తున చైనా వెళ్తోంది, హాట్‌పాట్ మసాలాల్లో అది బాగా వాడతారు. కాబట్టి అక్కడ మీ నోరు మండితే అందులో మన రైతు వాటా ఉండే అవకాశం లేకపోలేదు.

మొదలుపెట్టాల్సిన చోటు నా లెక్కలో చెన్ మాపో టోఫు అనే హోటల్, అక్కడ తినాల్సింది అదే పేరున్న వంటకం, టోఫు అంటే సోయా పాలతో చేసే జున్నులాంటిది. 1862 నాటి హోటల్, దు ఫు కవి కుటీరం దగ్గర వాళ్ళ బ్రాంచి ఒకటి ఉంది. పర్యాటకులు ఎక్కువ, నిజమే, అయినా ఒక్క గిన్నెలో సిద్ధాంతం అంతా దొరికేది ఇక్కడే. టోఫు మెత్తగా ఉండి వేడిని మోస్తుంది, ఎర్రనూనె కారాన్ని మోస్తుంది, పైన ఆఖర్లో చల్లిన హ్వాజ్యావ్ పొడి తిమ్మిరి పని చూసుకుంటుంది. ఆఖర్లోనే చల్లడానికి కారణం ఉంది, సాన్‌షూల్ గట్టిది కాదు, వెలుతురుకీ గాలికీ పాడైపోతుంది, పాత పొడిలో వాసన మిగిలినా జిలజిల ఉండదు. ఇంకో మాట, పేరులో టోఫు ఉంది కదా అని శాకాహారం అనుకోకండి, సంప్రదాయంగా ఇందులో గొడ్డుమాంసం ఖీమా వేస్తారు.

ఆ ఎరుపు వెనక ఉన్నది పీషియన్ దోబాన్ అనే ఊరేసిన మిర్చి ముద్ద, ఊరికి వాయవ్యంగా ఉన్న పీదు ప్రాంతం సరుకు. ఫావా అనే చిక్కుడు రకం గింజలకి బూజు పట్టించి, ఉప్పు, పచ్చిగా ఉన్న పండుమిర్చి కలిపి జాడీల్లో పెట్టి, పగలు ఎండకి తెరిచి, కలియతిప్పి, ఏడాది నుంచి మూడేళ్ళదాకా ఊరనిస్తారు. మన ఆవకాయ జాడీకి దూరపు చుట్టం అనొచ్చు, కాకపోతే ఇక్కడ బూజే పనిమంతురాలు, దాని ఎంజైములు గింజల ప్రొటీన్లని విరగ్గొట్టి గ్లూటమేట్ లాంటి రుచి పదార్థాల్ని తయారుచేస్తాయి.

మాంసం తినకపోతే వెన్షూ మఠం దగ్గరికి వెళ్ళండి. బౌద్ధ మఠంలోనే శాకాహార భోజనశాల ఉంది. మఠం బయట వీధిలో జాంగ్ లావోర్ అనే చిన్న కొట్టు ముందు క్యూ కనబడుతుంది, అక్కడ ల్యాంగ్‌ఫెన్, అంటే పిండితో చేసిన చల్లటి జెల్లీ, ఇంకా లావుగా సాగే నూడుల్స్ తినాలి. ఆ నూడుల్స్ మీద తియ్యటి సోయా సాస్, నువ్వుల ముద్ద, కారంనూనె పడతాయి. చల్లగా ఉంటుంది కాబట్టి టీఆర్‌పీవీ1 మీద వేడి భారం పడదు, అంతే కారం వేడిగా తిన్నప్పటికన్నా సులువుగా పోతుంది. కొత్తవాళ్ళకి ఇది మంచి శిక్షణ.

తర్వాత ‘ఈగల హోటళ్ళు’. పేరు విని మొహం తిప్పుకోకండి, అక్కడి జనమే ముద్దుగా పెట్టుకున్న పేరు, గల్లీలో నాలుగు బల్లలు, గోడ మీద మెనూ, ఎసరు శబ్దం కన్నా మనుషుల గోల ఎక్కువ. యూలిన్ పేటలో ఇలాంటివి, పుల్లలకి గుచ్చి అమ్మే చ్వాన్‌చ్వాన్ కొట్లు బోలెడు. పర్యాటకులు మూగే, రంగుల బోర్డుల జిన్‌లీ వీధికన్నా నేనైతే ఇక్కడికే పొమ్మంటాను.

అన్నట్టు చెంగ్డూ వంట అంతా కారమే అనుకోవడం తప్పు. సిచువాన్ వంటవాళ్ళు 24 రుచి రకాలు లెక్కపెడతారు, మాలా అందులో ఒకటి. పెద్ద విందుల్లో వచ్చే ‘మరిగిన నీళ్ళలో క్యాబేజీ’ చూడ్డానికి వట్టి నీళ్ళే, నిజానికి కోడి, హ్యామ్ గంటల తరబడి ఉడికించి తేటపరిచిన రసం, ఒక్క చుక్క కారం ఉండదు.

ఇప్పుడు హాట్‌పాట్. సంప్రదాయపు ఎర్ర పులుసు గొడ్డు కొవ్వుతో చేస్తారు, అది వద్దనుకునేవాళ్ళు ‘చింగ్‌యో’ అడిగితే వెజిటబుల్ ఆయిల్‌తో చేసింది ఇస్తారు. మధ్యలో గోడ కట్టిన గిన్నె తీసుకుంటే ఒక పక్క తెల్ల రసం ఉంటుంది. క్యాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది, నూనేమో పైన తేలుతుంది. ఆకుకూర ముడతల్లో, టోఫు పొరల్లో ఆ నూనె ఇరుక్కుని బయటికొస్తుంది, బంగాళాదుంప ముక్కకి మాత్రం పైపైన అంటుతుంది. అందుకే అక్కడివాళ్ళు ఆకుల్ని ఎర్ర వైపు వేయడానికి కొంచెం ఆలోచిస్తారు. వెల్లుల్లి వేసిన నువ్వులనూనె గిన్నె ముందు పెట్టేది కూడా ఉత్తి రుచికే కాదు, ముక్కని అందులో ముంచితే చల్లబడుతుంది, అంటుకున్న కారం కొంత ఆ నూనెలోకి దిగిపోతుంది.

మండితే నీళ్ళు తాగి లాభం లేదు, కొవ్వు, ప్రొటీన్ ఉన్న పాలు, సోయా పాలు నయం. తిమ్మిరికి మాత్రం మందేమీ లేదు, కాసేపట్లో అదే తగ్గుతుంది. ఈలోగా బింగ్‌ఫెన్ తెప్పించుకోండి, బెల్లం పాకం పోసిన చల్లటి జెల్లీ. నికాండ్రా అనే మొక్క గింజల్ని గుడ్డలో కట్టి నీళ్ళలో పిసికితే పెక్టిన్ దిగుతుంది, సున్నపు తేట కలిపితే కాల్షియం ఆ పెక్టిన్‌ని గడ్డకట్టిస్తుంది. ఈ నికాండ్రా మిరప కుటుంబానిదే, పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికాయే. కొన్ని కొట్లలో రెడీమేడ్ పొడితో చేస్తున్నారు, చేత్తో పిసికిందా అని అడిగి తీసుకోండి.