పసిబిడ్డల తల్లులకు సాయం చేయడం: అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా నేను విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేరి ఇరవై ఏళ్లు దాటింది. నల్గొండ జిల్లా పల్లెల్లో నా సెక్టార్ కింద 25 అంగన్‌వాడీ సెంటర్లు ఉన్నాయి. బిడ్డకు తేనె నాకించొద్దు, బొడ్డుకు ఏమీ పూయొద్దు, కాటుక పెట్టొద్దు అని చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, అవన్నీ నిజమే కాబట్టి మళ్లీ రాయను. నేను రాయాలనుకున్నది పసిబిడ్డ ఉన్న ఇంటికి సాయం చేయడానికి వెళ్లే మా గురించి. డాక్టర్లు, నర్సులు, ఏఎన్ఎంలు (పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సులు), ఆశాలు (ఊరి ఆరోగ్య కార్యకర్తలు), అంగన్‌వాడీ టీచర్లు, ఊరి పెద్దలు, అందరి గురించీ. మా మీద జనానికి కొన్ని అపోహలు ఉన్నాయి, మా బుర్రల్లో పాతుకుపోయినవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

అపోహ: తల్లికి, అత్తకు ఏమీ తెలియదు, మనం వెళ్లి చెప్తే చాలు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటికి వెళ్లాను, కాన్పయి అయిదో రోజు. చీకటి గదిలో బాలింత చెవుల్లో దూది పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది, అత్త చక్కెర నీళ్లలో ముంచిన దూది వత్తిని బిడ్డ నోట్లో పెడుతోంది. నేను గడపలోనే నిలబడి గట్టిగా అరిచాను, ఎవరు పొయ్యమన్నారు ఆ నీళ్లు, రేపు బిడ్డకు ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు అని. ఆమె వెంటనే గిన్నె పక్కన పెట్టేసింది. నా మాట విన్నదని సంతోషపడ్డాను. తర్వాతి వారం వెళ్తే కోడలు తల్లిగారింటికి పోయిందని వాకిట్లోనే చెప్పి పంపించారు, వెనక గదిలో బిడ్డ ఏడుపు మాత్రం నాకు వినిపిస్తూనే ఉంది.

ఆ ఇంటి తలుపు తెరిపించింది ఆ ఊరి ఆశా. ఆమె పోయి కింద కూర్చుని అత్తతో పాటు చింతపండు గింజలు తీస్తూ, "అత్తమ్మా, నీ మొదటి కాన్పులో పాలు ఎన్నో రోజుకు పడ్డయి" అని అడిగింది. అప్పుడు చెప్పిందట ఆమె, మూడు రోజులు పాలు పడలేదని, ఏడ్చి ఏడ్చి నీరసపడ్డ ఆ బిడ్డ దక్కలేదని. ఆ భయంతోనే చక్కెర నీళ్లు పట్టింది. ఆశా తప్పు పట్టలేదు, "బిడ్డ ఆకలితో ఉండొద్దని చూసినవు, మంచిదే, ఆకలి తీరే పద్ధతి ఒకటి ఇద్దరం కలిసి చూద్దాం" అన్నది.

తర్వాత ఏం చేసిందో రెండో రోజు నేనే కళ్లారా చూశాను. బాలింత వీపు వెనక అత్తతోనే దిండు పెట్టించింది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేటట్టు తిప్పింది. బిడ్డ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి దగ్గరికి తీసుకోమంది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. కాసేపటికి గుటక శబ్దం వినపడింది. ఆ శబ్దం వినమని ఆశా అత్తనే దగ్గరికి పిలిచింది. ఆ తర్వాత ఆ ఇంట్లో చక్కెర నీళ్ల మాట ఎవరూ ఎత్తాల్సిన అవసరం రాలేదు.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు అన్నది నాకు ఆ ఆశా కంటే ముందే తెలుసు, ట్రైనింగ్‌లో మార్కులు కూడా వచ్చాయి. తెలిసినదాన్ని ఆ గడప దాటించడం మాత్రం నాకు రాలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చే టీచర్లకు నేను మొదట చెప్పేది ఇదే. ముందు అడగండి, పూర్తిగా వినండి, వాళ్లు సరిగ్గా చేస్తున్నది ఒకటి వెతికి మెచ్చుకోండి, ఆ తర్వాత ఒకటో రెండో విషయాలు చెప్పండి, ఒకేరోజు పది చెప్తే ఏదీ గుర్తుండదు.

అపోహ: పెద్ద డాక్టర్ చెప్తేనే నమ్మాలి, ఆశాకు ఏం తెలుసు

డాక్టర్ అవసరం లేదని నేను అనడం లేదు, జబ్బు చేస్తే డాక్టరే చూడాలి. కానీ పుట్టిన మొదటి నెలలో బిడ్డ ఉండేది ఇంట్లో. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 1993లో మొదలుపెట్టి 39 ఊళ్లలో ఈ పనే చేసి చూపించారు. బడిలో కొంత చదువుకున్న ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఇన్ఫెక్షన్ గుర్తుపట్టడం నేర్పించారు. 1999లో వాళ్ల ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, నెలలోపు బిడ్డల మరణాలు మూడో ఏడాదికి దాదాపు 62 శాతం తగ్గాయి. మన దేశంలో 2011 నుంచి ఆశాలు బాలింత ఇంటికి వెళ్తున్నది ఆ దారిలోనే. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, మొత్తం ఆరుసార్లు రావాలి. ఇంటి దగ్గర కాన్పయితే మొదటి రోజు కూడా. మీ ఇంటికి రాకపోతే అడగండి, అది మీ హక్కు.

పెళ్లికాని ఏఎన్ఎం పిల్ల వస్తే "కని పెంచినదానివా, నీకేం తెలుసు" అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆ అమ్మాయి వందల బాలింతలను చూసి ఉంటుంది, మనం చూసింది మన ఇంటివాళ్లనే.

అపోహ: బరువు తూచేది తల్లిని పరీక్షించడానికి

ఇది తల్లుల తప్పు కాదు, మా ప్రవర్తన వల్ల వచ్చింది. తూకం రోజున సెంటర్‌లో అందరి ముందూ "మీ వాడు ఎరుపులో ఉన్నడు, ఏం పెడుతున్నవ్ అసలు" అంటే, అంటే బరువు బాగా తక్కువని పైకి అంటే, ఏ తల్లి మళ్లీ వస్తుంది? ఒకామె నాకు తెలుసు, తూకం ఉందని తెలిస్తే చాలు, బిడ్డను ఎత్తుకుని చేనుకు పోయేది.

గ్రోత్ చార్ట్‌లో ఒక్క నెల చుక్క చూసి తీర్పు చెప్పలేం. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంచెం బరువు తగ్గడం సహజం, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకు వస్తుంది. ఆ తర్వాత చూడాల్సింది గీత పైకి పోతోందా, అడ్డంగా ఆగిందా, కిందికి వంగుతోందా అని. ఆగిందంటే ఆ నెలలో ఏదో జరిగింది. విరేచనాలు అయ్యాయా, తల్లి పత్తి ఏరడానికి పోవడం మొదలుపెట్టిందా, ఆరు నెలలు నిండినా పప్పుకట్టు నీళ్లే పడుతున్నారా? చెంచా వంచితే జారిపోయే పల్చటి తిండితో కడుపు నిండుతుంది కానీ బరువు పెరగదు, చెంచా మీద నిలబడేటంత మెత్తగా, గట్టిగా ఉండాలి. ఇంకొకటి, చిన్నపిల్లల కోసం మేం ఇచ్చే పోషకాహార పొడి, బాలామృతం, రెండున్నర కిలోల ప్యాకెట్ నెలకు సరిపోవాలి, ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు ఉంటే తీపిగా ఉంటుంది కాబట్టి పది రోజుల్లో అయిపోతుంది. అది అడగకుండా తల్లిని తిట్టి ఏం లాభం? మా సెంటర్లలో ఇప్పుడు బరువు పైకి చదవొద్దని చెప్పాను, తల్లిని పక్కకు పిలిచి కార్డు ఆమె చేతిలో పెట్టి, గీత మీద ఆమె వేలే పెట్టించి చూపిస్తారు.

అపోహ: డాక్టర్ చీటీ మీద పాల డబ్బా పేరు రాశాడంటే తల్లిపాలు సరిపోవనే

కొన్నిసార్లు నిజంగానే అవసరం ఉంటుంది, తల్లి ఆరోగ్యం బాగాలేకనో, బిడ్డ పరిస్థితిని బట్టో. అలాంటి తల్లిని "డబ్బా పాలు పడుతున్నావా" అని చులకనగా చూసేవాళ్లంటే నాకు కోపం. అయితే పాలు చాలట్లేదని ఊరికే అనుకునే తల్లులే ఎక్కువ. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువగా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా గట్టిగా చేశారు. రెండేళ్లలోపు పిల్లల పాల డబ్బాలకు, సీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు శాంపిళ్లు, ఆరోగ్య సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు. కంపెనీ పెన్ను, కంపెనీ క్యాలెండర్ కూడా మా బల్ల మీద ఉండొద్దని నేను అంటే కొంతమందికి అతిగా అనిపిస్తుంది. నిపుణుల మాటకు విలువ ఉండాలంటే ఆ మాట వెనక అమ్మకం ఉండకూడదు.

అపోహ: బాలింత ఏడుస్తోందంటే గారాబం, లేకపోతే గాలి సోకింది

కాన్పయిన మొదటి కొన్ని రోజులు మనసు చిన్నబోవడం, ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే, నేను చచ్చిపోతే బాగుండు అన్న మాట వస్తే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో లెక్క చూస్తే సుమారు 22 శాతం బాలింతల్లో డిప్రెషన్ కనపడింది. అంటే నా ఒక్క సెంటర్‌లో అయిదుగురు బాలింతలు ఉంటే ఒకరు. అయినా మా రిజిస్టర్లలో దీనికి ఒక గడి కూడా లేదు, బిడ్డ బరువు రాస్తాం, తల్లి ఎలా ఉందో రాయం. అందుకే మా టీచర్లకు ఒక్క ప్రశ్న అలవాటు చేశాను, బిడ్డను చూడకముందే తల్లి పక్కన కూర్చుని, "నువ్వెట్లున్నవ్ బిడ్డా, నిద్ర పోతున్నవా" అని అడగాలి. చాలాసార్లు ఆ ప్రశ్నకే కళ్లల్లో నీళ్లు వస్తాయి. మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబర్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి ఆమెకు ఇచ్చినా సరే.

అపోహ: ఇవన్నీ ఆడవాళ్ల విషయాలు, సర్పంచ్‌కు, తండ్రులకు ఏం పని

మా సెక్టార్‌లో ఒక ఊళ్లో తల్లుల మీటింగులు ఎన్ని పెట్టినా తండ్రి ఒక్కడు రాలేదు. ఆ ఊరి సర్పంచ్ మాత్రం అన్నప్రాసన రోజున తనే వచ్చి కింద కూర్చుని, మనవడి వయసు పిల్లాడికి తన చేత్తో మొదటి ముద్ద పెట్టాడు. తర్వాత నెల సాయంత్రం ఏడింటికి, అంటే పనుల నుంచి వచ్చాక, పంచాయతీ ఆఫీసులో తండ్రులను పిలిచాడు. పద్నాలుగు మంది వచ్చారు. నేను అక్కడ పోషకాహారం గురించి మాట్లాడలేదు, రాత్రి బిడ్డ లేస్తే ఎవరు ఎత్తుకుంటున్నారు అని అడిగాను. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు, తర్వాత ఒకతను నేనే అన్నాడు, మిగతావాళ్లు అతన్ని చూశారు. బరువు తక్కువ బిడ్డను బట్టలు లేకుండా గుండెకు ఆనించుకుని పడుకోబెట్టే కంగారూ పద్ధతి తండ్రి కూడా చేయొచ్చని అప్పుడు చెప్తే వినే చెవులు దొరికాయి. సెంటర్‌లో చెడిపోయిన తూకం మిషన్, నీళ్లు రాని పంపు, ఇవి కూడా నాయకుల పనే, ఉపన్యాసం కంటే అవి బాగు చేయిస్తే తల్లులు నాలుగు రెట్లు నమ్ముతారు.

అపోహ: చిన్న డౌట్‌కు ఫోన్ చేస్తే మేడం విసుక్కుంటుంది

విసుక్కునేవాళ్లు ఉంటారు, కాదనను. అయినా చేయండి. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

చక్కెర నీళ్లు పట్టిందని నేను అరిచానే, ఆ అత్త నాకు కొన్నేళ్ల తర్వాత ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. కూతురు పురిటికి వచ్చింది, తొమ్మిది రోజుల బిడ్డ, సాయంత్రం నుంచి పాలు పట్టడం లేదు. "కాళ్లు చల్లగున్నయి మేడం, పొట్ట కూడా చల్లగుంది" అన్నది. పొట్ట ముట్టి చూడాలని ఆశా ఎప్పుడో చెప్పింది ఆమెకు గుర్తుంది. బండికి చెప్పి, అది వచ్చేదాకా బిడ్డను కూతురి గుండెకు ఆనించి పైన దుప్పటి కప్పమన్నాను. "కూతురు వణుకుతోంది, నేనే పెట్టుకుంట" అని ఆమె రవికె విప్పి బిడ్డను గుండెకు హత్తుకుని, అట్లనే 108 ఎక్కింది. ఇన్ఫెక్షన్ అని ఆసుపత్రిలో ఉంచుకున్నారు. నాలుగో రోజు మళ్లీ ఫోన్ చేసింది, ఏమీ చెప్పకుండా ఫోన్ బిడ్డ దగ్గర పెట్టి, "గుటక వినవడుతుందా మేడం" అని అడిగింది.