పింగాణీపై కుంచె పని: అపోహలు - వాస్తవాలు

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పట్టణం పింగాణీకి పేరుపొందింది. అక్కడి ఒక కార్ఖానాలో తోటి ఆడవాళ్లతో కలిసి పాత్రలపై పూలూ తీగలూ వేసే పనిలో ఉన్న నాకు, సొంతూరికి వచ్చినప్పుడల్లా ఎదురయ్యే మాటలివి.

అపోహ: నీలం పువ్వు కావాలంటే నీలం రంగు వేస్తారు.

వాస్తవం: మా గిన్నెలో ఉండే కోబాల్ట్ ఆక్సైడ్ అనే రంగుపొడి నీళ్లలో కలిపితే బొగ్గుపొడిలా నల్లగా ఉంటుంది. ఆపై పాత్రను గ్లేజు అనే తెల్లటి పూత ద్రవంలో ముంచితే వేసిన పువ్వు కూడా మరుగునపడి, సున్నం కొట్టినట్టు అంతా తెల్లబడుతుంది. బట్టీలో సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడికి గ్లేజు కరిగి గాజులా మారాకే నీలం బయటపడుతుంది. రంగు మరీ చిక్కనైతే పువ్వు నల్లబారుతుంది, పలుచనైతే వెలిసినట్టుంటుంది; ఆ పాళం అనుభవం మీదే తెలుస్తుంది.

అపోహ: ఇది ముగ్గు వేసినంత తేలిక.

వాస్తవం: ముగ్గు తప్పితే చెరిపి మళ్లీ వేయవచ్చు. ఒకసారి కాల్చి ఇంకా గ్లేజు పూయని పాత్ర సుద్దముక్కలా తడిని పీల్చేస్తుంది కాబట్టి, కుంచె క్షణం ఆగినా అక్కడ మచ్చ నిలిచిపోతుంది. అంచు గీతకు ఒక చేత్తో చక్రపు పీటను తిప్పుతూ, రెండో చేతిని కదలనివ్వకుండా, ఊపిరి బిగబట్టి ఒకే చుట్టులో ముగించాలి. వేలికి తలనూనె అంటి ఉంటే ఆ ముద్ర పడిన చోట గ్లేజు పట్టదు. నా తొలి నెలలో ఒక వరుస కప్పులు అలాగే పాడయ్యాయి. ఇంత నేర్పు కావలసిన పనికి కూలి మాత్రం డజను లెక్కన కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: రంగుల పాత్రల్లో తినడం ప్రమాదం.

వాస్తవం: సీసం లేని గ్లేజు కింద వేసిన రంగు గాజు పొరలో బిగుసుకుపోతుంది. సీసం ఉన్న గ్లేజుతోనూ, సీసం ఉండే అవకాశమున్న రంగులతో గ్లేజు మీద వేసి తక్కువ వేడికి కాల్చిన బొమ్మలతోనూ జాగ్రత్త అవసరం. గ్లేజు మీది బొమ్మలు చాలావరకు వేలితో తడిమితే తెలిసిపోతాయి. సీసం పులుపు తగిలితే బయటికి ఊరుతుంది గనుకనే, పరీక్షలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని పాత్రలో 24 గంటలు నిలవ ఉంచి చూస్తారు. ఆవకాయ నెలల తరబడి ఉంటుంది కాబట్టి, లోపలి గోడపై బొమ్మలున్న జాడీ కొనవద్దని చెబుతాను.

అపోహ: వేసేవారికి మాత్రం హాని లేదు.

వాస్తవం: ఇవి లోహపు ఆక్సైడ్లు. కుంచె మొనను పెదవులతో సన్నం చేయడం ప్రమాదం. కొత్తగా చేరినవారికి మొదట మాన్పించేది ఆ అలవాటునే. మట్టి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కాబట్టి మా గదిలో చీపురు వాడం, సాయంత్రం తడిగుడ్డతోనే తుడుస్తాం.