విశాఖలో పాత భవనాల వయసు ఎవరు లెక్కపెట్టాలి?

2023 మార్చి 23న తెల్లవారకముందే విశాఖ కలెక్టరేట్ సమీపంలోని రామజోగిపేటలో మూడంతస్తుల భవనం కూలి ముగ్గురు చనిపోయారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా ‘శిథిల భవనాలకు నోటీసులు’ అనే మాట వింటాం. ఆ నోటీసుకు మూలం 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 456వ సెక్షన్. 1979లో విశాఖకు సొంత కార్పొరేషన్ చట్టం వచ్చినా నిబంధనలు అక్కడి నుంచే తీసుకున్నారు. కూలేలా ఉన్న కట్టడాన్ని బాగు చేయమని, లేదా కూల్చేయమని కమిషనర్ చెప్పొచ్చు. అంటే ఆ సెక్షన్ చూసేది భవనం స్థితిని, వయసును కాదు. బీటలు కంటపడ్డాకే దానికి పని.

సముద్రం ఒడ్డున అది చాలదు. ఉప్పుగాలిలోని క్లోరైడ్లు (ఉప్పులోని రసాయనాలు) కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప చువ్వల దాకా వెళతాయి. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి స్లాబు పెచ్చులూడుతుంది. మనం సిమెంటు పూసి, రంగు వేయించి ఊరుకుంటాం. లోపల చువ్వ సన్నబడుతూనే ఉంటుంది.

పైగా కాంక్రీటు కట్టడాలకు దేశమంతటా పాటించే ఐఎస్ 456 ప్రమాణం 1978 నాటి రూపంలో, చువ్వలు వేసిన కాంక్రీటు (ఆర్‌సీసీ)కి కనీసం ఎం15 రకం ఉంటే సరిపోయేది; ఎం పక్కన అంకె పెరిగితే బలం ఎక్కువని. 2000లో ఆ కనీసాన్ని ఎం20కి పెంచారు. తీరప్రాంత వాతావరణానికైతే ఎం30, చువ్వపై 45 మిల్లీమీటర్ల కవర్ (చువ్వను కప్పే కాంక్రీటు మందం) ఉండాలన్నారు. అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది 1987లో. అప్పటి నుంచి 2000 దాకా లేచిన అపార్ట్‌మెంట్లు, కాంప్లెక్సులు పాత లెక్కలో కట్టినవే. ఈ ఉప్పుగాలికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానునూ తట్టుకున్నాయి.

వయసును బట్టి తనిఖీ మన దేశానికి కొత్తేమీ కాదు. 30 ఏళ్లు దాటిన భవనాలకు స్ట్రక్చరల్ ఆడిట్ (కట్టడం బలంపై ఇంజినీర్ తనిఖీ) తప్పనిసరి చేస్తూ ముంబయి కార్పొరేషన్ చట్టంలో 2009లో నిబంధన చేర్చారు. అమెరికాలోని మయామిలో 1974లో ఒక భవనం కూలి ఏడుగురు చనిపోయాక, భవనానికి 40 ఏళ్లు నిండగానే తనిఖీ చేయాలని పెట్టారు. మయామి దగ్గర సముద్రం ఒడ్డున 1981లో కట్టిన సర్ఫ్‌సైడ్ అపార్ట్‌మెంట్ టవర్‌కు ఆ గడువు దగ్గరపడిన ఏడాదే, 2021 జూన్ 24న, అది కూలి 98 మంది పోయారు. మరుసటి ఏడాది మయామి ఉన్న ఫ్లోరిడా రాష్ట్రం 30 ఏళ్లకే తనిఖీ తప్పనిసరి చేసింది. తీరం పక్కన 40 ఏళ్లు ఆగకూడదని అంత మూల్యం చెల్లించాక తెలిసింది.

పరీక్షలు కష్టమేమీ కాదు: కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్, లోపలి పగుళ్లు పట్టే అల్ట్రాసోనిక్, చువ్వల తుప్పు కనిపెట్టే హాఫ్‌సెల్. ఖర్చే చిక్కు. సగం ఫ్లాట్లు అద్దెకిచ్చి యజమానులు వేరే ఊళ్లో ఉంటే మెయింటెనెన్సే సరిగా వసూలు కాదు; ఇంజినీర్‌ను పిలిపించే మాట సంఘం సమావేశంలో ఎత్తేదెవరు? అందుకే చట్టమే 30 ఏళ్ల గడువు పెట్టి అడగాలి. ఆ అడగడం తీరానికి దగ్గరి వీధులతో మొదలవ్వాలి.